ఏడుపు డ్యూటీ

ఆవిడ ఉద్యోగం ఏడవడం. నవ్వకండి, నెలనెలా జీతం ఇస్తారు.

కమాండో శిబిరంలో ఆఖరి పరీక్ష అది. ఏడాది పాటు కొండలెక్కించి, చన్నీళ్ళలో నానబెట్టి, వీపున బస్తాలు మోయించి, చివరికి మిగిలిన కుర్రాళ్ళను శత్రువుకు చిక్కిన ఖైదీల్లా గదుల్లో పడేస్తారు. కళ్ళకు గంతలు. మూడు రోజులు నిద్ర లేదు. ఎవరేం అడిగినా తన నంబరు తప్ప ఇంకో ముక్క చెప్పకూడదు. చెబితే ఇంటికి. చెప్పకపోతే దళంలోకి.

దెబ్బలకూ ఆకలికీ లొంగని మొండిఘటాల కోసం ఆవిణ్ణి పెట్టుకున్నారు. ఒకప్పటి నాటకాల మనిషి. పక్కగదిలో మైకు ముందు కూర్చుని, వాళ్ళ తల్లిలా ఏడవాలి. ‘నన్ను పట్టుకొచ్చారురా, నీ దళం ఎక్కడుందో చెబితే వదిలేస్తారట’ అని. కోటి విద్యలు కూటి కొరకే అన్నారు, ఇది కోటిన్నొకటో విద్య. ఇంట్లో కూడా చెప్పనని సంతకం పెట్టింది. శిబిరంలో ఆవిడ స్టేజి పేరు తప్ప ఎవరికీ ఏమీ తెలియదు. అడగడం అక్కడి పద్ధతి కాదు.

రెండేళ్ళలో పద్నాలుగు మంది చేత నోరు విప్పించింది. మొదట్లో పాపం అనిపించేది. పోయినసారి తన ఏడుపుకి లొంగని ఇద్దరు ఆర్నెల్లు తిరక్కుండానే జెండా కప్పుకుని తిరిగొచ్చారు. అప్పట్నుంచి పాపం అనుకోవడం మానేసింది. తను ఓడించినవాడు బతికుంటాడు, అది చాలు.

ఆ మధ్యాహ్నం కెప్టెన్ ఫైలు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

“ఆరో నంబరు, అక్కా. వీడు ఉక్కుపిండం. తండ్రి లేడు. ముద్దుపేరు కూడా సంపాదించాం, చూసుకోండి.”

ఆవిడ మొదటి పేజీ తిప్పింది. ఫోటో చూసింది. ఫైలు మూసేసింది.

“మిగతాది చదవరా?”

“చాలు బాబూ.” మంచినీళ్ళు అడిగింది. రెండు గ్లాసులు గటగటా తాగి మూడోది అడిగింది.

“ఒంట్లో బాగాలేదా? పోనీ ఇంకొకరిని పిలిపిస్తా.”

ఆవిడ ఫైలు తన వైపు లాక్కుంది. “వద్దు. వీణ్ణి నేనే ఇంటికి పంపిస్తాను.”

“అంత పట్టుదలేంటక్కా? పాపం, వాడు మిమ్మల్నేం చేశాడు?” కెప్టెన్ నవ్వాడు.

అద్దం అవతల ఆరో నంబరు కుర్చీకి కట్టేసి ఉన్నాడు. పెదవులు పగిలి రక్తం గడ్డకట్టింది. తనకు రాసిచ్చిన కాగితం పక్కకు తోసేసి ఆవిడ మైకు దగ్గరకు జరిగింది.

ముద్దుపేరుతో పిలిచింది. అతని తల చటుక్కున లేచింది.

“చెప్పెయ్ నాన్నా. నీకు దండం పెడతాను. పతకాలూ వద్దు, పేరూ వద్దు. వాళ్ళు అడిగింది చెప్పేసి ఇంటికొచ్చెయ్.”

ఆ తర్వాత మాటల్లేవు. ఏడుపే. వెక్కివెక్కి, గొంతు జీరపోయి, ఊపిరాడక దగ్గి, మళ్ళీ ఏడ్చింది. కాపలా సిపాయి కళ్ళు తుడుచుకుని గోడవైపు తిరిగాడు. ఇరవై నిమిషాలయ్యాక కూడా ఆవిడ ఆపలేదు.

ఆరో నంబరు పెదవులు కదిలాయి. ఆవిడ ఊపిరి బిగబట్టింది.

“ఆరు,” అన్నాడు. అంతే, మళ్ళీ నోరు మూసుకున్నాడు.

కెప్టెన్ తలుపు తోసుకుని వచ్చాడు. “పాసయ్యాడక్కా. మీరు ఇవాళ ఏడ్చినట్టు ఎప్పుడూ ఏడవలేదు. రాయైనా కరిగేది, వీడు కరగలేదు.”

ఆవిడ మైకు కట్టేసింది. భయంగా ఉందని కెప్టెన్‌తో అనలేక, ఎండగా ఉందని కాసేపు అక్కడే కూర్చుంది.

రెండు రోజుల తర్వాత ఇంట్లో బట్టలు మడత పెడుతుంటే ఫోన్ మోగింది.

“అమ్మా, ఇన్నాళ్ళూ నీకు చెప్పకూడదన్నారు, కమాండోల్లోకి సెలెక్టయ్యాను, ఎవరో ఆవిణ్ణి తెచ్చి అచ్చం నీ గొంతుతో ఏడిపించారు గానీ, నువ్వు నా ముందు ఎప్పుడైనా ఏడ్చావా చెప్పు, అక్కడే దొరికిపోయింది.”