గేదెకి రెండు సెంట్లు

"పాలు బ్రహ్మాండం బాబాయ్. వాసనే భరించలేకపోతున్నాం," అన్నాడు అపార్ట్‌మెంట్ సెక్రటరీ ముక్కు మూసుకుని. "ఆదివారంలోగా గేదెను ఇక్కణ్ణుంచి తీసేయండి. లేదంటే మున్సిపాలిటీ వాళ్లే వచ్చి తోలుకుపోతారు."

పాల మామయ్యకు ఒళ్లు మండింది. ఆ అపార్ట్‌మెంట్ లేచిందే ఆయన పొలంలో! నగరం జరిగి జరిగి పెరటి గోడ దాకా వచ్చేసింది. ఒక్కో చెక్కా అమ్ముకుంటూ వచ్చిన మామయ్యకు చివరికి ఒక ఇల్లు, ఒక పాక, ఒక గేదె మిగిలాయి. ఇప్పుడు నిన్నగాక మొన్న దిగినవాళ్లకు అది కంపు కొడుతోందట.

గేదెను మాత్రం వదులుకోలేడు. భార్య పోయాక ఆయన చెప్పేది చివరిదాకా వినేది అదొక్కటే.

అప్పుడు మేనల్లుడు గుర్తొచ్చాడు. వాడు నగరం నడిబొడ్డున సెంట్ల వ్యాపారం చేస్తాడు. గొప్పగొప్పవాళ్లంతా వాడి దగ్గరే కొంటారని చెల్లెలు ఊదరగొట్టేది. మామయ్య వెంటనే ఫోన్ చేశాడు.

"ఒరే అల్లుడూ, అర్జంటుగా రెండు సెంట్లు కావాలిరా. గేదె కోసం."

"గేదెకా మామయ్యా?"

"అవున్రా. వాసన, వాసన అని అందరూ నా ప్రాణం తీస్తున్నారు."

"ఓహో, అదా సంగతి! రెండు చాలా మరి? గేదె పెద్దదేగా?"

"సర్దుకుంటుందిలే. ఒరిజినలేనా? ఈమధ్య అన్నీ మోసాలట."

"డూప్లికేట్ అన్న మాటే నా దగ్గర లేదు మామయ్యా."

"నీళ్లుంటాయా?"

"ఛఛ! చుక్క నీళ్లుండవు. ఒట్టు!"

ఇంత నిజాయితీగా చెప్పే వ్యాపారిని మామయ్య ఎక్కడా చూడలేదు. పోనీలే, బిందెతో మోసుకుంటే సరి అనుకున్నాడు.

"చుట్టుపక్కలవాళ్లు గొడవ చేయరుగా?"

"గొడవా? ఎక్కడ కొన్నావని నీ వెంటపడతారు! జాస్మిన్ ఇవ్వనా, రోజ్ ఇవ్వనా?"

వెంచర్ల పేర్లు కాబోలు. ఉన్న పూలతోటలన్నీ పీకేసి, ఆ పేర్లే బోర్డుల మీద రాసుకోవడం వీళ్లకు అలవాటేగా! మామయ్య పళ్లు నూరుకున్నాడు.

"ఏదో ఒకటి నువ్వే చూడరా. ఆదివారం దాన్ని వెంటబెట్టుకుని వచ్చేస్తా."

"గేదెనా?" మేనల్లుడు పకపకా నవ్వాడు. "సరే, తీసుకురా. దానికేది నప్పుతుందో చూసే ఇద్దాం."

ఆదివారం పొద్దున్నే మామయ్య పాక పీకేశాడు. రేకులు, గుంజ, కుడితి తొట్టి పాత సామాన్లవాడికి ఇచ్చేశాడు. ఇక వాటితో పనేముంది? సెక్రటరీ వైపు మీసం మెలేస్తూ ఒక చూపు చూసి, గేదెను రోడ్డెక్కించాడు.

గేదె సిగ్నళ్లను లెక్కచేయలేదు. బస్సుల హారన్లకు బెదరలేదు. ఒక కారు అద్దంలో మొహం చూసుకుంటూ నిలబడిపోతే, వెనక ట్రాఫిక్ మొత్తం ఆగిపోయింది.

"పదవే తల్లీ, నీ కొత్తింటికి వెళ్తున్నాం," అని మామయ్య దాని గడ్డం పట్టుకుని బతిమాలాడు. సంతోషంతో ఆయన కళ్లు చెమర్చాయి.

బజారు మలుపులో మేనల్లుడు ఎదురొచ్చి, గేదెకు కుడిపక్క ఒకసారి, ఎడమపక్క ఒకసారి తుస్సుమని కొట్టి, "ఇవిగో మామయ్యా, నీ రెండు సెంట్లు" అంటూ రెండు సీసాలు చేతిలో పెట్టాడు.