ఇరవై నాలుగు బిట్ల ముఖం

“పిలగాని మొహం నిండ గా చారలేందే? పెచ్చులూడిన గోడ లెక్కుంది,” అంది రాజరాజేశ్వరి.

ఆమె వర్షితకు మేనత్త. ఈ సంబంధం ఎట్లాగైనా చెడగొట్టాలని పొద్దున్నే చందానగర్ నుంచి మణికొండ ఫ్లాట్‌కు దిగబడింది. ఆ సంగతి దాచుకునే రకం కూడా కాదు.

తెల్లాపూర్ నుంచి రోహిత్ చేసిన వీడియో కాల్ అప్పుడే ముగిసింది. అంతా సరిగ్గా కనబడుతుందో లేదో చూసుకోవడానికి చేసిన కాల్ అది. అసలు పెళ్లిచూపులు పదకొండింటికి.

“చారలు ఆయన మొహం మీద లేవత్తా, నా లాప్‌టాప్ తెర మీదున్నయి. పాత మిషన్ల మీద మా ఆఫీసు యాప్ ఎట్ల కనబడతదో చూసుడు నా పని. దానికోసమని రిజల్యూషన్ తగ్గించి, రంగులు పదహారు బిట్లకు దించిన. మల్ల పెంచుడు మర్చిపోయిన.”

“అంటే ఏందే?”

“కొన్ని వేల రంగులే చూపిస్తది. మనిషి మొహానికి అవి సాలవు. ఇరవై నాలుగు బిట్లు పెడితే కోటిన్నర దాటుతయి.”

“అంత పరేషాన్ ఎందుకు? ఫోన్ల చూస్తే అయిపోతది.”

“బొటనవేలంత బొమ్మ చూసి పెండ్లి ఖాయం చేసుకుంటరా ఎవరన్న?”

సోఫా అంచున కూర్చున్న తల్లి కనకలక్ష్మి అప్పుడు నోరు విప్పింది. ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుందన్న మాటే గానీ, పొద్దుటి నుంచీ దాని కుచ్చిళ్లు సర్దుకుంటూనే ఉంది.

“నన్ను మనిషిని చూడనియ్యకుండనే పీటల మీద కూసోవెట్టిర్రు. నా ఇంట్ల గట్ల మల్ల జరగొద్దు. మొహం సక్కగ కనబడాలె. ఇయ్యాల కనబడకుంటే ఇగ ఈ ముచ్చటే ఎత్తకు బిడ్డా.”

రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే అన్నట్టు రాజరాజేశ్వరి ముఖం వెలిగిపోయింది. “ఇన్నవు గద? జర ఆలోచన చెయ్యి. మా తమ్ముడుంటే గిట్ల కానిచ్చేటోడా? ఎక్కడి అనంతపురపోళ్లు, ఎక్కడి మనం! ఆడపిల్లవు, నువ్వే ముందువడి సంబంధం మాట్లాడుడేంది? నలుగురు నవ్వరా?”

“నాన్న ఉంటే ఈ అవసరమే రాకపోతుండె. నవ్వేటోళ్లను నవ్వనియ్యి. వాళ్లేమన్న మనకు వండిపెడుతున్నరా?”

“ఏం చూసి ఒప్పుకున్నవే?”

“మాట తీరు చూసిన. ఆయన నాకు నచ్చిండు.”

“నీ నోటికి దండం. బట్టలన్న మార్చుకో, గా టీషర్టేంది?”

“నేనిట్లనే ఉంట.”

వర్షిత డిస్‌ప్లే సెట్టింగుల ఫైలు తెరిచింది. మోడ్ దగ్గర 800x600 తీసేసి 1920x1080 వేసింది. రంగుల లోతు దగ్గర 16 చెరిపి 24 కొట్టింది. సేవ్ చేసి లాగవుట్ అయింది. తెర నల్లబడింది, ఎంతకీ తిరిగి రాలేదు.

“సచ్చిందా?” రాజరాజేశ్వరి గొంతులో సంతోషం దాగలేదు. “ఇంతకన్న అపశకునం ఉంటదా? దేవుడే అడ్డం పడ్డడు. కనకా, పోయి చీర మార్చుకో.”

కనకలక్ష్మి లేవబోయింది. వర్షితకు ఒళ్లు మండిపోయింది.

“ఆడనే కూసో అమ్మా! దేవుడికేం పని లేదా? తప్పు నేను చేసిన, నేనే దిద్దుత.”

మూడు మీటలు కలిపి నొక్కింది. నల్లటి తెర మీద ఉత్త తెల్లక్షరాలు వచ్చాయి. ఆ అక్షరాల తెరలోనే ఫైలు మళ్లీ తెరిచి, ఒక్కో వరుసా వేలు పెట్టి చదివింది. తొందరలో ఒక కొటేషన్ గుర్తు వదిలేసింది. అది పెట్టి మళ్లీ మొదలుపెట్టింది.

తెర నిండా రంగులు పరుచుకున్నాయి. ఆ వెంటనే కాల్ మోగింది. రోహిత్ ముఖం ఈసారి కనుబొమ్మ మీది చిన్న గాటుతో సహా స్పష్టంగా కనబడింది.

“ఇప్పుడు బాగుండాదా వర్షితా?”

“మస్తుంది.”

రాజరాజేశ్వరి చెయ్యి లాప్‌టాప్ మూత మీద పడింది. “ఆఖరుసారి చెప్తున్న, మూసెయ్యి. రేపు మనోళ్లల్ల తలెత్తుకొని తిరగలేం.”

“చెయ్యి తియ్యత్తా. మేమైతే తలెత్తుకొనే తిరుగుతం. ఉండి అక్షింతలేస్తవా, ఉండు. లేదా, నీ చెప్పులు బయటనే ఉన్నయి.”

ఆ చెయ్యి మెల్లగా వెనక్కి పోయింది. మనిషి మాత్రం కదల్లేదు.

“మా నాయన ముస్తాబై వచ్చి నా కుర్చీలో కూచున్నాడు,” అన్నాడు రోహిత్ నవ్వుతూ. “ఇంక మొదలుపెడదామా?”

వర్షిత లేచి, తెర ముందున్న పెళ్లికూతురి కుర్చీలో అమ్మను కూర్చోబెట్టింది.