పీనుగుల గుట్ట

"ఈ పొద్దు గూడా బొమ్మ పెట్టె రాకపోతే నీ డేరా పీకేస్తాం మేనేజరూ! సెప్తాండాం, ఇను!"

బేతంచెర్ల స్టేషన్లో ఆదెన్న కేకలు పెడుతున్నాడు. అతని వెనకాల ఊళ్లో సగం మంది ఉన్నారు. తక్కిన సగం అప్పటికే టూరింగ్ టాకీసు డేరా ముందు టికెట్ల కోసం తోసుకుంటున్నారు.

మేనేజరు రెండు చేతులూ జోడించాడు. "నన్ను తిడితే ఏమొస్తుందయ్యా? రీళ్లు రైలెక్కాయని తంతి వచ్చింది. అయినా ఈ బొమ్మకు ఇంత యావ ఏమిటయ్యా మీకు?"

యావ ఎందుకుండదు! 'పీనుగుల గుట్ట' బొమ్మలో చచ్చినవాళ్లు గుంపుగా లేచి వచ్చి జనం మీద పడతారు. ఆ చచ్చినవాళ్లంతా బేతంచెర్ల వాళ్లే మరి. పోయిన ఎండాకాలం మదరాసు నుంచి కంపెనీ వాళ్లు వచ్చి నాపరాళ్ల గనుల దగ్గర షూటింగు పెట్టారు. గంజి కేంద్రం ముందు నిలబడ్డ మగవాళ్లలో బాగా బక్కచిక్కిన వాళ్లను ఏరుకున్నారు. ఎముకలు బయటికి కనపడే మనిషికి రంగు ఖర్చు తక్కువ కదా. కరువు పుణ్యమా అని అందరికీ వేషాలు దొరికాయి.

"నేను లేసేటప్పుడు సూడండప్పా, పండ్లు ఇట్లా ఇకిలిస్తా," అన్నాడు ఆదెన్న. "మా ఇంటిది మూర్చపోవాల."

అందరూ నవ్వారు. స్టేషన్ బల్ల చివర కూర్చున్న గురమ్మ నవ్వలేదు. ఆమె పక్కన నిలబడ్డ సుంకన్న కూడా నవ్వలేదు. సుంకన్నా, గురమ్మ కొడుకు గిడ్డయ్యా ఒకే గనిలో రాయి తీసేవాళ్లు. ఇద్దరూ కలిసే పీనుగు వేషం కట్టారు. ఆ ఎండల్లోనే గిడ్డయ్య వడదెబ్బ తగిలి పోయాడు.

"పెద్దమ్మా, ఇంటికి పోదాం రా," అన్నాడు సుంకన్న మెల్లగా.

"ఎందుకురా?"

"అది దయ్యాల బొమ్మ. నువ్వు సూడలేవు."

"దయ్యాలు యాడివిరా? మీరే గదా." గురమ్మ గొంతు పొడిగా ఉంది. ఏడ్చి ఏడ్చి ఆమెకు ఏడుపు రావడమే మానేసింది. "మా గిడ్డయ్యది ఫోటో అన్నా లేకపాయ. వాని మొగం మర్సిపోతాండా అబ్బీ. పండుకున్నోళ్లంతా లేస్తారంట గదా. ఒక్క తూరి వాడు లేసేది సూసి వస్తా. నాకింగేమీ వద్దు."

సుంకన్న ఏదో అనబోయాడు. అంతలో రైలు కూత వినపడింది, అతని మాట ఎవరికీ వినపడలేదు.

పెట్టె దిగింది. దాన్ని పెళ్లికొడుకును ఎత్తుకున్నట్టు భుజాల మీద ఎత్తుకుని డేరా దాకా ఊరేగించారు. టికెట్ల దగ్గర సుంకన్న చివరి ప్రయత్నంగా, "ఆడోళ్ల టికెట్లు అయిపోయినాయి పెద్దమ్మా," అన్నాడు.

ఆదెన్న విననిస్తేనా! "ఎవురప్పా అయిపోయినాయనేది? గిడ్డయ్య వాళ్లమ్మ వచ్చింటే! జరగండి, దావ ఇడవండి!" అంటూ గురమ్మను ముందుకు తీసుకుపోయి నేల మీద కూర్చోబెట్టాడు. ఆడవాళ్లకూ మగవాళ్లకూ మధ్య ఒక తడికె ఉంది. గురమ్మ తడికెకు ఆనుకుని అవతల నుంచి సుంకన్నను పిలిచింది.

"నువ్వు ఈడనే కూసో. వాడు యాడుండాడో నువ్వే సూపియ్యాల."

సుంకన్న తడికెకు ఇవతల కూర్చున్నాడు.

బొమ్మ మొదలైంది. హీరో పాడాడు, హీరోయిన్ ఆడింది. ఎవరికీ పట్టలేదు. "మనోళ్లు ఎప్పుడొస్తారప్పా?" అని ఒకటే గోల. చివరికి గుట్ట వచ్చింది. తెల్లటి రాళ్ల మీద వరసగా పడి ఉన్న శవాలు కనపడ్డాయి. డేరా ఈలలతో ఊగిపోయింది. ఎవరివాళ్లను వాళ్లు పేర్లు పెట్టి పిలుస్తున్నారు.

"యాడరా వాడు?" అంది గురమ్మ.

సుంకన్న తెర వైపు చూడకుండా వేలితో నేల గీకుతున్నాడు.

"అబ్బీ, యాడ?"

"నా పక్కన," అన్నాడు తల వంచుకుని.

గురమ్మ వెతుక్కుంది. దొరికాడు. ఒక చెయ్యి బారజాపి, నోరు కొంచెం తెరుచుకుని, వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అట్లాగే చూస్తూ కూర్చుంది.

తెర మీద డప్పు మోగింది. శవాలు కదిలాయి. ఆదెన్న పళ్లు ఇకిలిస్తూ లేచాడు. అతని భార్య మూర్ఛపోలేదు సరికదా, పడీపడీ నవ్వింది. సుంకన్న లేచాడు. ఆ పక్కా ఈ పక్కా అందరూ లేచారు.

"ఒరే, ఒగడు లేయల్యా!" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

"నిద్దరపోయినాడు నా కొడుకు!"

"లేయ్‌రా నాయనా, బొమ్మ అయిపోతాండాది!"

డేరా అంతా ఒకటే నవ్వులు. తెర మీద సుంకన్న రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. వంగి, పడుకున్నవాడి భుజం పట్టుకుని కుదిపాడు. మళ్లీ గట్టిగా కుదిపాడు. తల పక్కకు వాలిపోయింది. ఈలలు ఇంకా ఎక్కువయ్యాయి. అంతలో గుట్ట పోయి హీరోయిన్ వచ్చి కెవ్వున కేక పెట్టింది.

గురమ్మ తెర మీద నుంచి చూపు తిప్పలేదు.

"వేషం కడుక్కోని, నీతో మాట్లాడుకుంటా ఇంటికొచ్చే దావలో పడిపోయినాడని సెప్తివి గదరా, సుంకన్నా?"