తలుపు తట్టవద్దు

“బోర్డు కనబడలేదా నాయనా? కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయి వచ్చావా?” తలుపు తీయకుండానే అరిచింది వెర్నా.

“చూశాం మేడమ్. మిసెస్ స్టట్జ్‌మన్ మీరేనా?” బయటి నుంచి ఒక మగ గొంతు మర్యాదగా అడిగింది.

మర్యాదకేం తక్కువ! గుమ్మం ఎక్కే ప్రతివాడి నోట్లోనూ బెల్లమే. పేరు కూడా కనుక్కునే వస్తారు. పోయిన వేసవిలో వడగళ్ళు పడ్డాక, కప్పు బాగుచేస్తానని ఒకడు ఇలాగే పేరు పెట్టి పిలిచి, ఉన్న పెంకులూ ఊడబీకి చెక్కేశాడు. కాన్సస్‌లోని ఆ చిన్న ఊరంతా నాలుగు రోజులు చెప్పుకుని నవ్వుకుంది. కొడుకు కోల్బీ మాత్రం నవ్వలేదు. దూరదేశంలో ఉద్యోగానికి వెళ్ళే ముందురోజు ‘అమ్మకాలు నిషేధం. తలుపు తట్టవద్దు’ అన్న బోర్డు తెచ్చి గుమ్మం పక్కన బిగించాడు.

“నీకు కాదనడం చేతకాదమ్మా. నీ బదులు ఇదే అంటుందిలే,” అన్నాడు.

వెర్నా కిటికీ తెర వేలెడంత తప్పించి చూసింది. ఒకడు తల నెరిసినవాడు, ఇంకొకడు నడివయసువాడు. బూట్లు తళతళలాడుతున్నాయి. నడివయసువాడి చేతిలో చిన్న నల్ల పుస్తకం. వెర్నా తెర వదిలేసింది. ఈ తలుపు తీస్తే కొంప మునుగుతుంది. తీయకూడదు, అంతే.

“నాకేం వద్దు! చీమలమందు ఉంది, చీపురుంది, దేవుడు కూడా ఉన్నాడు. ఇంకో ఇల్లు చూసుకోండి.”

“మేం ఏమీ అమ్మడం లేదు మేడమ్.”

“అమ్మేవాళ్ళంతా మొదట అనే మాటే అది.”

“ఇంట్లో మీతో ఇంకెవరైనా ఉన్నారా?”

“ఎవరుంటే మీకెందుకు?”

“ఒక్కసారి లోపలికి రానివ్వండి. గుమ్మం బయట నుంచి చెప్పే మాట కాదు.”

వెర్నా పోలీసులకి ఫోన్ చేసింది. ఎత్తింది బోనీ, చర్చిలో ప్రతి ఆదివారం ఆమె వెనక బెంచీలో కూర్చునే పిల్ల.

“వాళ్ళేం అమ్ముతున్నారు ఆంటీ?”

వెర్నా, “బోర్డు ఉందిగా. చట్టం నా వైపే కదా?” అంది.

“మనూళ్ళో బోర్డు ఉన్నచోట అమ్ముకునేవాళ్ళు తలుపు తడితే జరిమానానే. దేవుడి గురించీ ఓట్ల గురించీ వచ్చేవాళ్ళకి అది వర్తించదు. కానీ మీరు పొమ్మన్నాక కూడా కదలకపోతే ఎవరిదైనా తప్పే. పొమ్మన్నారా?”

“అంటాను ఉండు.” ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని, “పొండి! ఇది నా ఇల్లు. చట్టప్రకారం చెబుతున్నాను, పొండి!” అని అరిచింది. చివరి మాట ఏడుపులో కలిసిపోయింది.

“ఏడుస్తున్నారా ఆంటీ? మిమ్మల్ని ఏమైనా అన్నారా?”

“లేదమ్మా. చాలా మంచిగా మాట్లాడుతున్నారు.”

“సరే, బండి పంపిస్తున్నాను.”

“పంపించు. వాళ్ళని పంపెయ్యమను. రేపు కూడా రావద్దని రాయించుకోమను. ఇంకెప్పుడూ రావద్దని.”

“మంచిగా మాట్లాడేవాళ్ళంటే అంత భయమెందుకు ఆంటీ? ఇంతకీ ఎంతమంది వచ్చారు?”

“ఇద్దరు,” అంది వెర్నా. ఆ మాట అన్నాక తలుపుకి వీపు ఆనించి నేలమీద కూలబడింది.

బయట ఎవరూ కదల్లేదు.

సిపాయి తల్లికి కొడుకు చావు కబురు తెచ్చేది ఎప్పుడూ ఇద్దరే.