మొగుణ్ణి పొగిడిన పాపం

నివీన్ అత్తగారు ఇన్షిరాహ్‌కి కైరోలో ఉన్న కళ్ళన్నిటి మీదా అనుమానమే. తన కళ్ళజోడు ఎక్కడ పెట్టిందో మాత్రం కోడలే వెతికిపెట్టాలి. కొత్త ఫ్రిజ్ కొంటే దుప్పటి కప్పి మెట్లెక్కించిందావిడ. కొడుకు హాతెమ్‌కి ఓ పెద్ద కంప్యూటర్ కంపెనీలో ఉద్యోగం వచ్చినప్పుడు దుప్పటి కప్పే వీల్లేక, వీధిలోవాళ్ళు మంటలనుకుని పరిగెత్తుకొచ్చేంత సాంబ్రాణి వేసింది.

ఇవాళా అదే పొగ.

“అత్తయ్యా, ఇంక ఆపండి. దిష్టి సంగతేమో గానీ ముందు నేను పోయేలా ఉన్నాను,” అంది నివీన్ దగ్గుతూ.

మామూలుగా అయితే ఈ మాటకి ఇన్షిరాహ్ గంటసేపు జవాబు చెప్పేది. ఇవాళ కాగితం కత్తిరించి చేసిన మనిషి బొమ్మని ఒళ్ళో పెట్టుకుని సూదితో పొడుస్తోంది. ఒక్కో పోటుకీ దిష్టి పెట్టినవాళ్ళ పేరు ఒక్కటి పైకి చెప్పాలి. ఆవిడ పొడుస్తోందే గానీ ఏ పేరూ చెప్పడం లేదు.

ఆ పేరు తనదేనని నివీన్‌కి అర్థమైంది.

నిన్న సాయంత్రం హాతెమ్ కంపెనీ బస్సు దిగి వచ్చి, బూట్లయినా విప్పకుండా చెప్పాడు. “జట్టుకొకరిని తీసేస్తున్నారు. మా జట్టులోంచి మేనేజర్ బహ్‌గత్ నా పేరిచ్చాడు.”

“మొన్న ప్రమోషన్ ఇచ్చి అందరిచేతా చప్పట్లు కొట్టించింది ఆయనేగా!”

“ఆయనే. మనమంతా ఒకే కుటుంబం అని పొద్దున్న కంపెనీ నుంచి మెయిల్ కూడా వచ్చింది.”

“నేనేం చేశానని అడగలేదా?”

“అడిగాను. ‘మిగతావాళ్ళకన్నా నీకు ఇబ్బంది తక్కువనుకున్నాను’ అన్నాడు. నాకేం తక్కువ? ఫ్లాటు వాయిదాలున్నాయి, అమ్మ గుండె మందులు కంపెనీ బీమా మీదే నడుస్తున్నాయి. ఎల్లుండి గురువారం పేర్లు పై ఆఫీసుకి వెళ్ళిపోతాయి. ఆ తర్వాత మార్చడం ఆయన వల్ల కూడా కాదు.”

ఇబ్బంది తక్కువ. ఆ మాట వినగానే నివీన్ చేతిలో రొట్టె చేతిలోనే ఉండిపోయింది.

బహ్‌గత్ తల్లి సుహైర్ గారు ఉండేది వీళ్ళ పై అంతస్తులోనే. పోయిన వారం అక్కడ ఆవిడ మనవరాలు పుట్టిన ఏడోరోజు వేడుక. పసిపిల్లని జల్లెడలో పడుకోబెట్టి, చెవి దగ్గర ఇత్తడి రోలు మోగిస్తూ, అమ్మమ్మ మాట విను, నాన్న మాట వినకు అని ఆడవాళ్ళు బుద్ధులు చెబుతున్నారు. ఒకావిడ దుబాయిలో ఉన్న అల్లుణ్ణి ఆకాశానికెత్తింది. ఇంకొకావిడ బ్యాంకులో ఉన్న కొడుకుని పొగిడింది. నివీన్‌కి నోరు ఆగలేదు.

“మావారికేం! పది కంపెనీలు వెంటపడుతున్నాయి. ఈ కంపెనీవాళ్ళే బతిమాలి ఉంచుకున్నారు.”

వెంటపడ్డ కంపెనీ ఒక్కటీ లేదు. సుహైర్ గారు మెచ్చుకోలుగా “మాషాల్లా” అంటూ కళ్ళు ఇంత చేసుకుంది. ఇన్షిరాహ్ కోడలి తొడ మీద గిల్లి, “పొయ్యి కట్టేశావో లేదో చూసిరా పో,” అని కిందికి పంపేసింది.

డిగ్రీ చదివిన నివీన్‌కి దిష్టి మీద నమ్మకం లేదు. కానీ ఇప్పుడు దిష్టి అక్కర్లేదు కూడా. సుహైర్ గారు కొడుక్కి చెప్పి ఉంటుంది, పది కంపెనీలు కాచుకుని ఉన్నవాడికి ఇబ్బందేమిటని బహ్‌గత్ అనుకుని ఉంటాడు.

అత్తగారు తిట్టినా బాగుండేది. తిట్టలేదు. మధ్యాహ్నం నొప్పుల చేతులతో ద్రాక్షాకుల్లో బియ్యం పెట్టి చుట్టి వండింది. తను ఒక్కటీ ముట్టకుండా కోడలి పళ్ళెంలోనే ఎక్కువ వేసింది.

హాతెమ్ వచ్చాడు. గుమ్మంలోనే ముక్కు మూసుకున్నాడు.

“ఏమిటీ పొగ? ఉద్యోగం ఇంకా పోలేదమ్మా, రేపటిదాకా ఉంది.”

నివీన్ ఇంక ఉగ్గబట్టుకోలేకపోయింది. “హాతెమ్, నా వల్లే పోతోంది,” అంటూ పై అంతస్తులో తను కోసిన కోతలన్నీ చెప్పేసింది.

అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. “పది కంపెనీలా? ఒక్కదాని పేరన్నా చెప్పు, ఇప్పుడే దరఖాస్తు పెట్టుకుంటాను,” అన్నాడు.

“వెక్కిరించకు. ఇప్పుడే పైకెళ్ళి అంతా అబద్ధమని ఆవిడ కాళ్ళ మీద పడతాను. కొడుక్కి ఈ రాత్రే ఫోన్ చేయమంటాను.” నివీన్ లేచి తలకి గుడ్డ చుట్టుకుంది.

“నువ్వు కూర్చో,” అంది ఇన్షిరాహ్. సూది పక్కన పెట్టి, మంచం కింద చెప్పుల కోసం కాలితో వెతుక్కుంటోంది. “వెళ్ళాల్సింది నేను.”

“మీరెందుకత్తయ్యా? వాగింది నేనైతే!”

“నీ వాగుడు సుహైర్ నమ్మలేదు. నమ్మకుండా నేనే చూశాను. అన్ని కళ్ళు నా బిడ్డ మీద పడ్డాయే, ఊరుకుంటానా? నువ్వు కిందికి రాగానే ఆవిడ పక్కన చేరాను.”

“చేరి?”

ఇన్షిరాహ్ కొడుకు వైపు చూడలేక అతని బూట్ల వైపు చూసింది.

“వాడికా ఉద్యోగం రోత, పండగవగానే మానేస్తున్నాడని చెప్పాను, తప్పు నాదే.”