పదకొండేళ్ల కాపురం

మొగుడు వస్తున్నాడన్న కబురు వినగానే లైసిమ్ సలసల కాగే నీళ్లలో మణికట్టు దాకా చెయ్యి పెట్టేసింది.

పట్టు మిల్లులో పదిహేనేళ్లుగా దారం తీస్తున్న చెయ్యి అది. తొట్టిలో తేలే పట్టుగూళ్ల మీంచి దారం కొస అందుకోవడమే దానికి తెలుసు. ఇన్నేళ్లలో ఒక్కసారీ తప్పు చెయ్యలేదు.

"పెనాంగ్ నుంచి ఉత్తరం వచ్చిందే!" మిల్లు గుమ్మంలో నిలబడి అత్తగారు ఏడుస్తోంది, నవ్వుతోంది. "ఇన్నాళ్లూ తగరం గనిలో ఇరుక్కుపోయాడట. పౌర్ణమి నాటి పడవకి దిగుతున్నాడు. ఇంక మిల్లు మానెయ్యి. నీ పెట్టె ఇంటికి తెచ్చేసుకో. నా కొడుక్కి వేడివేడిగా అన్నం పెట్టి, నాకో మనవణ్ణి కనిస్తే చాలు. ఇంకేమీ అడగను నిన్ను."

"అలాగే అత్తయ్యా" అంది లైసిమ్.

పదకొండేళ్లుగా ఆవిడకి ఆమె ఇచ్చిన జవాబు అదొక్కటే. మిల్లు పక్క మేడ మీద మరో ఎనిమిదిమంది ఆడవాళ్లతో ఉంటూనే, నెలకి రెండుసార్లు నడిచి వెళ్లి ఆ ఇంటి కోడలి పనులన్నీ చేసొచ్చేది. అత్తగారికి జబ్బు చేస్తే కాళ్లు కడిగింది. కొత్త సంవత్సరం భోజనంలో మొగుడి గిన్నె కూడా మర్చిపోకుండా పెట్టేది.

షుంతాక్ జిల్లా మొత్తం మీద అలాంటి కోడలు లేదని అందరూ అనేవారు.

మధ్యాహ్నం చేతికి నూనె రాస్తూ ఛోయ్ పళ్లు నూరింది. పక్క తొట్టి మీద పనిచేసే పిల్ల ఆమె. "ఇప్పుడొచ్చి ఏం ఉద్ధరిస్తాడట అక్కా? మొగుడంటే నీ మొగుడని మేమంతా దిష్టి పెట్టేవాళ్లం. తిట్టలేదు, కొట్టలేదు, నీ జీతం అడగలేదు. మా ఆయనా ఉన్నాడు, చారు చల్లారితే గిన్నె నా మొహానే!"

"మా పాడు దిష్టే తగిలినట్టుంది" అంది ఇంకొకామె. "ఇంతకీ అతని మొహం నీకు గుర్తుందా?"

"లేదు."

అందరూ గొల్లున నవ్వారు. లైసిమ్ నవ్వలేదు.

ఆ రోజు నుంచే మొదలైంది. పట్టపగలు, మేడ మెట్ల మీద ఎవరో తడికాళ్లతో ఎక్కుతున్న చప్పుడు. తలుపు తీస్తే మెట్లు పొడిగానే ఉండేవి. జడ దువ్వుకుంటుంటే మెడ వెనక చల్లటి ఊపిరి. తిరిగి చూస్తే గోడ. అన్నం ముందు కూర్చుంటే, ఎదురుగా ఎవరో ఆకలితో తనకేసే చూస్తున్నట్టు ఉండేది. నాలుగు రోజుల్లో ఆమె సగమైపోయింది.

"పారిపో అక్కా" అంది ఛోయ్. "కాంటన్ పట్నంలో మిల్లులే లేవా?"

"పారిపోయి? రేపు నేను పోతే ఎక్కడ పెడతారే నన్ను?"

ఆ సంగతి ఛోయ్‌కీ తెలుసు. పెళ్లీడు దాటిన ఆడదాన్ని పుట్టింట్లో చావనివ్వరు. పోయాక పేరు రాసిన పలక నిలబెట్టి దీపం వెలిగించాలంటే అత్తింట్లోనే చోటుండాలి. ఆ చోటు వదులుకుంటే దిక్కులేని దయ్యమై గట్ల వెంట తిరగాలి. నిలబెట్టుకోవాలంటే ఈ మేడ, ఈ నవ్వులు, తన సంపాదన, రాత్రుళ్లు తనొక్కతే పడుకునే మంచం, అన్నీ అతని చేతుల్లో పెట్టాలి.

పౌర్ణమి వచ్చింది. లైసిమ్ పెట్టె పట్టుకుని, మల్బరీ గట్ల మీదుగా అత్తగారింటికి నడిచింది.

గుమ్మం ముందు మగ చెప్పులు ఉన్నాయి.

లోపల బల్ల దగ్గర ఒకడు అటు తిరిగి తింటున్నాడు. ఎముక కొరికిన చప్పుడు, చారు జుర్రిన చప్పుడు. ఆ ఇంట్లో ఆమె ఏనాడూ వినని చప్పుళ్లు.

"వచ్చావా అమ్మాయ్, రా రా!" అంది అత్తగారు.

అతను తిరిగి చూశాడు. ఎండకి కమిలిన మొహం. ఒక కంట్లో తెల్లగా పువ్వు పూసి ఉంది. రెండో కన్ను ఆమెని కిందినుంచి పైదాకా నింపాదిగా తడిమింది.

"ఎవరమ్మా ఈవిడ?"

ముసలావిడ పకపకా నవ్వి కొడుకు వీపు మీద ఒక్కటి చరిచింది. "నీ పెళ్లాంరా!"

ఎన్నటికీ తిరిగి రాడనే కదా, పెళ్లికాకుండా చచ్చిపోయిన ఊరి కుర్రాళ్లందరిలోకీ ఏరి, ఓడ మునిగి పోయాడనుకున్న, శవమైనా దొరకని ఇతన్ని, ఆచారం ప్రకారం వరుడి స్థానంలో కోడిపుంజును నిలబెట్టుకుని ఆమె పెళ్లాడింది!