చుక్కల వెనక తీర్పు

“సంతకం పెట్టమ్మా, హెలెన్ గారు ఎంతసేపని కూర్చుంటారు?” అన్నాడు విజయభాస్కర్.

శివపార్వతి పెన్ను మూత తీయలేదు. పోయిన భర్త, హైకోర్టు జడ్జి రామాంజనేయులు గారి కాగితాలన్నీ నార్తాంప్టన్‌లో కొడుకింటి హాల్లో పెట్టెల నిండా ఉన్నాయి. హెలెన్ పనిచేసే యూనివర్సిటీ వాళ్ళు వాటిని స్కాన్ చేసి భద్రపరుస్తారట. అయితే ఒకవైపే.

“రెండోవైపు కూడా తీయమను.”

“అటు నీ ముగ్గులేగా! నాన్న తీర్పుల వెనక గీసుకున్నావు. చూసినవాళ్ళు నవ్వుతారు.”

“నవ్వనీ. తీర్పు చదివితే ఎటూ ఏడుస్తారు.”

హెలెన్‌కు మాటలు అర్థం కాకపోయినా గొడవ అర్థమైంది. పైనున్న కాగితం తీసి కిటికీ వెలుతురుకు పట్టింది. కాసేపు చూసి, విజయభాస్కర్‌ను పిలిచి వేలుపెట్టి చూపించింది.

ముగ్గు చుక్కల సిరా తీర్పువైపుకు ఇంకింది. ఇంకిన ప్రతిచోటా జడ్జిగారి అక్షరాలు ఆగి, చుక్కను తప్పించుకుని, మళ్ళీ మొదలయ్యాయి.

“అంటే... ముగ్గే ముందా?”

“మరి? ఇంట్లో తెల్లకాగితాలు అయిపోతే నా ముగ్గుల కట్టలోంచి లాక్కునేవారు. అడిగిన పాపాన పోలేదు.”

విజయభాస్కర్ ఆ మాట హెలెన్‌కు ఇంగ్లీషులో చెప్పాడు. హెలెన్ ఒప్పందంలో ‘ఒకవైపు’ కొట్టేసి, ‘రెండువైపులా’ అని రాసింది.

అప్పుడు పెన్ను మూత తీసింది శివపార్వతి.

“కోర్టులో ఎవరికీ జంకని మనిషి, ఇంట్లో నాకు దారిచ్చింది ఆ చుక్కల దగ్గరే. అవి బాగా కనబడేట్టు తీయమని చెప్పు.”